మా అల్లుడు మంత్రి కాదు

పోలీస్ స్టేషన్లో రైటర్ మా కుర్చీలోనే కూర్చుని, కాలు మీద కాలేసుకుని, "కుర్చీల వ్యాపారా? ఇటు రాలేదమ్మా" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కుర్చీ వీపున ఎర్ర పెయింటుతో రెండు అడ్డగీతలున్నాయి. అవి మా అల్లుడు తన చేత్తో గీసినవి. దాని నీలం కవరు నేను కుట్టింది. కవరు మూల కుట్టు కొంచెం వంకర పోయింది, ఆ వంకర కూడా నాదే. అంత ఆనవాలున్న కుర్చీలో కూర్చుని, దాని యజమాని ఎవరో తెలియదంటాడేమిటి ఈ మనిషి?

"మరి ఈ కుర్చీ నడుచుకుంటూ వచ్చిందా నాయనా?" అన్నాను.

"గట్టిగా మాట్లాడకమ్మా. పొద్దున్న లారీలో దింపి వెళ్ళారు. ఎవరు దింపారో నాకేం తెలుసు? స్టేషన్లో కుర్చీల్లేవు, వేసుకున్నాం."

"మనిషి తప్పిపోయాడని ఫిర్యాదైనా రాసుకో."

"ఏ ప్రభుత్వం పేరు మీద రాసుకోమంటావు? నిన్నటి ముద్ర పనికిరాదు. ఇవాళ్టి ముద్ర ఇంకా రాలేదు. రెండ్రోజులాగి రా."

గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ ఎదురు మాట్లాడదు. నాతో వచ్చిన మైకాయన మెల్లగా నా చెంగు లాగాడు. మా అల్లుడి దగ్గర మైకు సెట్లు చూసుకునే మనిషి అతను. స్పీకర్ల మధ్య బతికి బతికి మామూలుగా మాట్లాడటం మర్చిపోయాడు. మాట్లాడితే అరుపు, లేకపోతే మౌనం. "పదండి పిన్నిగారూ!" అని అరిచేసరికి లోపలున్న కానిస్టేబుళ్ళు ఉలిక్కిపడి చూశారు. ఇద్దరం బయటికొచ్చి పడ్డాం.

మా అల్లుడిది షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం. మా దేశంలో ఆ వ్యాపారానికి లోటు లేదు. మా ఇంట్లో దుప్పట్లు మార్చినంత తరచుగా ఇక్కడ ప్రభుత్వాలు మారతాయి. ఎక్కేవాళ్ళు ప్రమాణ స్వీకారం పెట్టుకుంటారు, దిగేవాళ్ళు నిరసన సభ పెట్టుకుంటారు. ఎవరు ఏం పెట్టుకున్నా నిలబడి పెట్టుకోలేరు కదా, మా కుర్చీలే వెళ్ళాలి. "అల్లుడుగారూ, నలుగురికీ సామాను ఇస్తే నలుగురూ మిమ్మల్ని తమ మనిషనుకోరు, అవతలివాళ్ళ మనిషనుకుంటారు" అని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "కూర్చోడానికి పార్టీ ఏముంది అత్తయ్యా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు మరీ మంట.

దాపరికం ఎందుకు, ఈ పెళ్ళి నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. కుర్చీలు మోసేవాడికి పిల్లనిస్తానా అని తలుపేసుకుని కూర్చున్నాను. నా కూతురు నాకంటే మొండిఘటం, కట్టుకుంటే ఆయన్నే అంది. కట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లోనే చేరి, ఆ కుర్చీలకే కవర్లు కుడుతూ, ఆయన్నే దులుపుతూ బతుకుతున్నాను. రోజుకొక్కసారైనా నాలుగు మాటలనకపోతే నాకు ముద్ద దిగదు. ఆయన మాత్రం ఒక్కనాడు తిరిగి ఒక మాటనలేదు. అదొక మంట.

జరిగిందేమిటంటే, అంతకుముందు రోజు పొద్దున్న స్టేడియంలో ఐక్య ప్రభుత్వమని ఒకటి ప్రమాణం చేసింది. అన్ని పార్టీలూ కలిశాయట, ఇక గొడవల్లేవట. పొద్దున్న ప్రమాణం చేసిన ప్రభుత్వం మధ్యాహ్నం భోజనానికి లేదు. సైన్యం లారీలేసుకుని వచ్చింది, పొగ వదిలింది, జనం చెప్పులు వదిలి పరుగెత్తారు. సాయంత్రానికి మా పనివాళ్ళంతా ఒక్కొక్కరే ఇంటికి చేరారు. మా అల్లుడు చేరలేదు.

నా కూతురికి ఎనిమిదో నెల. మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. గోడవైపు తిరిగి పడుకుని, "అమ్మా, ఆయన్ని తీసుకురా. నీ నోటికి ఎవరైనా భయపడతారు. నువ్వెళితేనే పని అవుతుంది" అంది. నా నోరు పనికొస్తుందని నా కూతురు అనడం అదే మొదటిసారి. ఏడవాలో సంతోషించాలో తెలియక, "తెస్తాలే, ఎక్కడికి పోతాడు" అని కసిరి బయల్దేరాను.

మా వ్యాపారంలో ఒక ధర్మం ఉంది. సామాను ఎక్కడుంటే మనిషి అక్కడుంటాడు. సభ అయిపోయాక వక్తలు పోతారు, జనం పోతారు, కుక్కలు కూడా పోతాయి. సప్లై చేసినవాడు మాత్రం ఆఖరి కుర్చీ బండెక్కేదాకా కదలడు. మా అల్లుడికి ఆ పిచ్చి మరీ ఎక్కువ. ఒకసారి గాలివానకి షామియానా లేచిపోతే, గుంజ పట్టుకుని దాంతోపాటు వీధి చివరిదాకా కొట్టుకుపోయాడు కానీ వదల్లేదు. అందుకని నేనూ మైకాయనా ఆలోచించిందొకటే. స్టేడియంలో కుర్చీలు లేవు, లారీల్లో ఎత్తుకుపోయారు. ఎర్రగీతల కుర్చీలు ఎక్కడ కనిపిస్తే మనిషి ఆ చుట్టుపక్కలే ఉంటాడు. కుర్చీల వెంట పడ్డాం.

పడితే ఏమైంది? ఊరంతా మా కుర్చీల్లోనే కూర్చుంది! పెద్దాసుపత్రి వరండాలో సెలైన్ సీసాలు పెట్టుకున్నవాళ్ళు మా కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళని ఏమనగలను? ఒకామె లేవబోతే "కూర్చోమ్మా కూర్చో" అన్నాను. నర్సుని అడిగితే దెబ్బలు తగిలినవాళ్ళ వార్డు చూపించింది. మంచం మంచానికీ వెళ్ళి మొహాలు చూశాను. లేడు. "వెనక గది కూడా చూస్తారా?" అంది నర్సు, నా కళ్ళలోకి చూడకుండా. వెనక గది అంటే ఏమిటో నాకు తెలుసు. మైకాయనే వెళ్ళి చూసొచ్చి, జీవితంలో మొదటిసారి మెల్లగా, "లేరు పిన్నిగారూ" అన్నాడు. నేనక్కడే గోడకి చేరగిలబడి కాసేపు ఊపిరి పీల్చుకున్నాను. భయమేసింది. అంతవరకూ కోపమే ఉంది, అప్పుడు భయమేసింది.

పార్టీ ఆఫీసుకి వెళితే గేటుకి తాళం, గేటు ముందు మా కుర్చీలో కాపలావాడు. "ఆయన మా మనిషి కాదమ్మా, అవతల పార్టీ మనిషి. వాళ్ళ సభల్లో ఎన్నిసార్లు చూశానో" అన్నాడు. అవతల పార్టీ ఆఫీసులో మా కుర్చీలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీదెక్కి ఒకడు బోర్డు పీకుతున్నాడు. "ఆయనా? వాళ్ళ మనిషి కదమ్మా! మా దగ్గర ఎందుకుంటాడు?" అన్నాడు, మేకు నోట్లో పెట్టుకునే. నేను చెప్పిందే నిజమైంది. చెప్పింది నిజమైందన్న సంతోషం మాత్రం నాకు రాలేదు.

సైన్యం శిబిరానికి పోయాం. అక్కడ సెంట్రీకి కూడా మా కుర్చీయే. నిలబడి కాపలా కాయాల్సిన మనిషికి కుర్చీ ఎందుకో నాకర్థం కాలేదు. "మేం మంత్రుల్ని తప్ప ఎవర్నీ తీసుకెళ్ళలేదు. కుర్చీలవాళ్ళతో మాకేం పని?" అన్నాడు.

"కుర్చీలతో మాత్రం పనుందన్నమాట" అన్నాను.

"ఏమన్నావ్?"

"ఏమన్లేదు నాయనా. కూర్చో, కాళ్ళు నొప్పెడతాయి."

కాళ్ళు అరిగేలా తిరిగాను. ఎవర్నడిగినా ఆ ఆఫీసుకి పో, ఈ ఆఫీసుకి పో అనేవాళ్ళే. ఎవరికి వారే యమునా తీరే. రెండో రోజు మధ్యాహ్నానికి తలప్రాణం తోకకొచ్చింది. శిబిరం ఎదురుగా టీ కొట్టుంటే బల్ల మీద కూలబడ్డాను. మైకాయన టీ తెచ్చిచ్చాడు. కొట్లో టీవీ నడుస్తోంది. ప్రతి ప్రభుత్వానికీ చదివే ఆ పిల్లే, అదే చీరలో, అదే మొహంతో వార్తలు చదువుతోంది. "అదుపులోకి తీసుకున్న మాజీ మంత్రులు" అంటూ స్టేడియం బొమ్మ చూపించారు. వేదిక మీద వరసగా కుర్చీలు, వరసగా మనుషులు. మా మెత్త కుర్చీలే, నేను కుట్టిన తెల్ల కవర్లే. కవర్లు బాగానే కుదిరాయే అనుకుంటూ వరస చివరికంటా చూశాను.

చివరి కుర్చీలో మా అల్లుడు.

గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, గంభీరంగా ఎటో చూస్తున్నాడు. నా చేతిలో టీ ఒలికి కాలు కాలింది. "మైకూ! అదెవరు?" అని నేను అరిచాను. ఈసారి ఉలిక్కిపడటం అతని వంతైంది.

అతను టీవీ వంక చూశాడు, నా వంక చూశాడు, నేల వంక చూశాడు. "ఒక మంత్రిగారు రాలేదు పిన్నిగారూ. కెమెరావాళ్ళు ఖాళీ కుర్చీ కనపడుతోందని గోల పెట్టారు. బాబుగారు వెళ్ళి కూర్చున్నారు. ఫొటోలయ్యాక లేచొచ్చేసి ఉంటారనుకున్నాను."

"అనుకున్నావా? ఈ ముక్క మొన్ననే చెప్పి చావకూడదూ? రెండ్రోజులు ఊరంతా కుర్చీలు వెతికించావు కదయ్యా నాచేత!"

"మామూలేగా అని చెప్పలేదు."

అతన్ని కొట్టాలన్నంత కోపమొచ్చింది కానీ, అతనన్నది నిజమే. మా వ్యాపారంలో అది మామూలే. ముందు వరసలో కుర్చీ ఖాళీగా కనబడితే సభ పెట్టినవాడికి పరువు తక్కువ, మాకు మాట వస్తుంది. అందుకని ఖాళీ వస్తే మా వాళ్ళే వెళ్ళి కూర్చుని నింపుతారు. నేనే ఎన్నిసార్లు కూర్చోలేదు? ఒక సభలో రైతు భార్యనై కూర్చున్నాను, ఇంకో సభలో ఉద్యమకారిణినై దండ కూడా వేయించుకున్నాను. అయితే అవన్నీ కింద వరసలు. వేదికెక్కి మంత్రుల మధ్య కూర్చునే తెలివి మాత్రం మా అల్లుడికే వచ్చింది.

"ప్రమాణం కూడా చేశాడా ఏమిటి?"

"అందరూ కలిసి చదివారు పిన్నిగారూ. బాబుగారు కూడా పెదాలాడించారు. మైకు ముందుండి నోరు మూసుకుంటే బాగోదని."

"ఏ శాఖట?"

"పశువుల శాఖ."

నా కర్మ కాకపోతే ఏమిటి? ఆవు ఎదురొస్తే పక్క వీధిలోంచి తిరిగొచ్చే మనిషి, పశువుల శాఖ మంత్రి అయి కూర్చున్నాడు. మేం వెళ్ళిన ప్రతి చోటా కుర్చీల వ్యాపారి ఉన్నాడా అని అడిగాం. ఎలా ఉంటాడు? లోపలున్నది మంత్రిగారాయె! అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. మనిషి బతికున్నాడు. వేదిక మీదనుంచి ప్రాణాలతోనే దింపారని టీవీ పిల్ల చెప్పింది. ఇక నాదేముంది, వెళ్ళి "బాబూ, ఇతను మంత్రి కాదు, మా అల్లుడు" అని చెప్పి చెయ్యి పట్టుకుని తెచ్చుకోవడమే. టీ కొట్టాయన్ని అడిగితే మంత్రుల్ని ఊరి చివర ప్రభుత్వ అతిథి గృహంలో పెట్టారన్నాడు. ఆటో పిలిచాను.

అతిథి గృహం గేటు దగ్గర నా గొంతు నేను దాచుకోలేదు. "మా అల్లుడు మంత్రి కాదు! కుర్చీలు అద్దెకిచ్చుకునే మనిషి! వదలండి!" అని ఎలుగెత్తి అరిచాను. మైకాయన కూడా అందుకున్నాడు. మైకు లేకుండానే ఆ చివరిదాకా వినబడి ఉంటుంది. లోపల్నుంచి ఒక అధికారి పరుగున వచ్చాడు. నా కొడుకుంటే ఆ వయసుండేది. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి, చొక్కా మీద బిస్కట్ పొడి రాలి ఉంది.

"అమ్మా, తల్లీ, నీకు దణ్ణం పెడతాను, అరవకు" అని నన్నొక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళి వసారాలో నిలబెట్టాడు. "లోపలున్న ప్రతివాడూ నేను మంత్రిని కాదనే అంటున్నాడమ్మా. ఒకాయన వంటవాణ్నంటాడు. ఒకాయన దారి తప్పి వేదికెక్కానంటాడు. నిన్నమొన్నటిదాకా పదవి కోసం జుట్లు పట్టుకున్నారు, ఇప్పుడు వద్దంటే వద్దంటున్నారు. నా బుర్ర తినేస్తున్నారు."

"మావాడు నిజంగానే కాదు బాబూ."

"తెలుసు."

"తెలిసే కూర్చోబెట్టావా?" అన్నాను.

"వచ్చినప్పట్నుంచీ నా కుర్చీలేవి, తడుస్తాయి, లెక్క సరిపోదు అని ఒకటే గొడవ. మంత్రులెవరైనా కుర్చీలు తడుస్తాయని ఏడుస్తారా? నాకు మొదటి రోజే అర్థమైంది." అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కానీ నేను చెప్పేది విను. పక్క దేశం వాళ్ళతో ఒప్పందమైంది. మంత్రులందర్నీ ఈ సాయంత్రం బస్సెక్కించి సరిహద్దు దాటిస్తున్నారు. ప్రాణాలకి పూచీ ఇచ్చారు. ఆ ఒప్పందం మంత్రులకే. మంత్రి కాని మనిషి మంత్రి కుర్చీలో ఎందుకు కూర్చున్నాడని అడుగుతారు. కుట్ర అంటారు. విచారణ అని పాత జైలుకి పంపిస్తారు."

పాత జైలంటే ఏమిటో మా వీధికి తెలుసు. మా వీధి చివర సెలూన్ ఆయన్ని, కిందటిసారి ప్రభుత్వం మారినప్పుడు, ఎవరికో గడ్డం గీశాడని విచారణకి తీసుకెళ్ళారు. ఆయన భార్య ఉతికిన బట్టల మూట పట్టుకుని ఇప్పటికీ ఆ జైలు గేటుకి వెళుతుంది. మూట లోపలికి తీసుకుంటారు. మాసిన బట్టలు మాత్రం ఇంతవరకు ఒక్కసారీ బయటికి రాలేదు. ఆ సంగతి వీధంతా గమనించింది, ఆమెతో మాత్రం ఎవరం అనం.

"కుటుంబం కూడా వెళ్ళొచ్చు. భార్య ఉందా?" అన్నాడతను.

"మంచం దిగకూడదు బాబూ. ఎనిమిదో నెల."

అతను చొక్కా మీది బిస్కట్ పొడి దులుపుకున్నాడు. "పెద్దాయన లోపలున్నారు. నువ్వు గేటు దగ్గర అరిచింది విన్నారు. నిన్ను పిలిచి అడుగుతారు. నీ మాటే ఆఖరు. మీవాడికి ఈ సంగతులేవీ తెలియవు, చెప్పే వీలు నాకు దొరకలేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో అంతకుముందు నాకు మాటవరసకే తెలుసు. తీసుకొస్తానని కూతురికి చెప్పి వచ్చాను. మనిషి ఆ తలుపవతలే ఉన్నాడు. చెయ్యి చాపితే అందుతాడు. చాపితే జైలుకి పోతాడు. ఆ సరిహద్దు అవతల మాకెవరున్నారు? ఎప్పుడొస్తాడు? ఇక్కడ ఏ ప్రభుత్వమొస్తే రానిస్తుంది? బిడ్డ పుడితే తండ్రెవరని ఎవర్ని చూపించను? ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధైనా లేదు. తలుపు తెరిచి నన్ను పిలిచారు.

పొడుగాటి బల్ల. బల్లకవతల భుజాల నిండా నక్షత్రాలున్న పెద్దాయన. ఇవతల, ఇద్దరు సైనికుల మధ్య, మా అల్లుడు. చొక్కా నలిగిపోయింది. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే ఆ మొహం వెలిగిపోయింది. దేవుడా, నన్ను చూసి ఆ మనిషి మొహం వెలగడం నేనెప్పుడూ ఎరగను.

"అత్తయ్యా! వచ్చారా! చెప్పండి అత్తయ్యా, మీరైనా చెప్పండి వీళ్ళకి! నేను కుర్చీలవాణ్ని అని చెప్పండి!"

పెద్దాయన చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "గేటు దగ్గర అరిచింది నువ్వేనా? ఏమని అరిచావు?"

ఈ నోరు ఎప్పుడు ఊరుకుంది కనక? "మా అల్లుడు మంత్రి పదవికి తగడని అరిచానండి. ఒప్పుకోవద్దని ముందే మొత్తుకున్నాను. పెద్దదాని మాట వినలేదు, నెత్తి మీదికి తెచ్చుకున్నాడు. ఆ కడుపుమంట కొద్దీ అరిచాను."

"అంటే మంత్రేనా?"

"మంత్రేనండి. పశువుల శాఖ."

"అత్తయ్యా!" అన్నాడు మా అల్లుడు.

"మరి తాను కాదంటున్నాడు?"

"భయానికి బుర్ర పనిచేయడం లేదండి ఆయనకి. కుర్చీలు, కుర్చీలు అని అదే కలవరింత. నేను పిల్లనిచ్చినదాన్ని, నాకు తెలియదా? మంత్రిగారే."

పెద్దాయన నా వంక చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మితే తనకు పని తేలికని నమ్మాడో తెలియదు. బస్సెక్కించమని తల ఊపాడు.

మా అల్లుడు అరవలేదు. అరిస్తే బాగుండేది. సైనికులు భుజాలు పట్టుకుంటే నడుస్తూ, నా ముందుకొచ్చేసరికి ఆగాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాటనని మనిషి, నా మొహంలోకి చూసి, "నా మీద అంత కోపమా అత్తయ్యా?" అని మెల్లగా అడిగాడు.

చెబుదామనుకున్నాను. కన్ను గీటుదామనుకున్నాను. బల్ల వెనక నుంచి పెద్దాయన చూస్తూనే ఉన్నాడు. ఊరంతటికీ వినబడేలా అరిచే ఈ నోటికి, ఆ ఒక్క మనిషికి వినబడేలా ఒక్క మాట చెప్పే దారి దొరకలేదు.

"అవును" అన్నాను. "వెళ్ళిరండి మంత్రిగారూ."

బస్సు కదిలేటప్పుడు కిటికీలో ఆయన కనిపించాడు. నా వైపు చూడలేదు. ఆ అధికారి నా పక్కన నిలబడ్డాడు. దారిలో ఎవరిచేతైనా ఒక్క మాట చెప్పించమని బతిమాలాను. బస్సులో ఉన్నవాళ్ళు తన మనుషులు కారని, ఇప్పుడు చెబితే అందరికీ ముప్పని అన్నాడు. అతన్ని తిట్టాలనిపించింది. తిట్టడానికి అతను చేసిన తప్పేదీ దొరకలేదు. గేటు బయట మైకాయన పరుగెత్తుకొచ్చి, "బాబుగారేరి పిన్నిగారూ?" అని అరిచాడు. "నోరు ముయ్యి, ఇంటికి పద" అన్నాను.

ఇంటికొచ్చేసరికి నా కూతురు దిండు ఆనుకుని గుమ్మం వంకే చూస్తోంది. నా వెనక ఎవరైనా వస్తారేమోనని మెడ చాపి చూసింది. ఎవరూ రాలేదు.

"దొరికారా అమ్మా?"

"దొరికాడు."

"ఏరీ?"

మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాను. కుర్చీలు, టీవీ, పశువుల శాఖ, అన్నీ. పశువుల శాఖ దగ్గర దానికి నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. పాత జైలు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత సంగతి చెప్పేటప్పుడు నేను దాని మొహం చూడలేదు, దుప్పటి అంచు చూస్తూ చెప్పాను. ఆయన అడిగిన మాటా చెప్పాను, నేనిచ్చిన జవాబూ చెప్పాను.

మంచిపని చేశావంటుందని ఎదురు చూశాను. అనలేదు.

"ఆయనకి తెలియదుగా అమ్మా, నువ్వెందుకలా అన్నావో."

"సరిహద్దు దాటాక తెలుస్తుందేమో. తెలియదేమో."

"తెలియదు. ఆయన నమ్మేసి ఉంటారమ్మా" అంది, కళ్ళనిండా నీళ్ళతో. "నీకు ఆయనంటే అంత కోపమని నిజంగానే నమ్మేసి ఉంటారు. ఇప్పుడా బస్సులో కూర్చుని నిన్ను తిట్టుకుంటూ ఉంటారు."

నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. పిల్ల ముందు ఏడవకూడదని దాని కాళ్ళ మీద దుప్పటి సర్దాను. సర్దిందాన్నే మళ్ళీ సర్దాను.

"తిట్టుకోనీవే" అన్నాను. "రేపూ తిట్టుకోనీ, ఎల్లుండీ తిట్టుకోనీ, ముసలివాడయ్యేదాకా కూర్చుని తిట్టుకోనీ. తిట్టుకోవడానికైనా మనిషి ప్రాణాలతో ఉండాలిగా."